రాయగడ లైన్లో టీ, టిఫిన్ ఖర్చులకి క్రెడిట్ కార్డు: మీరెలా వాడుతున్నారు?

విత్తనాల రెప్, పర్లాకిమిడి:
అందరికీ నమస్కారం. నేను అమ్మకాలకి తిరిగే లైను పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ. కంపెనీ ఇచ్చిన వీసా క్రెడిట్ కార్డు లాడ్జికీ పెట్రోలుకీ బాగానే పనికొస్తోంది. ఇబ్బందల్లా చిల్లర ఖర్చులతోనే. టీ, ఇడ్లీ, జిరాక్సు, శాంపిల్ సంచులకి ఆటో. స్వైపింగ్ మిషన్ ఎవరి దగ్గరా ఉండదు. చేతి డబ్బు పెట్టి నెలాఖరుకి వోచరు రాస్తే బిల్లేదీ అంటారు. మీరంతా ఏం చేస్తున్నారు?

మందుల రెప్, రాయగడ:
అన్నా, రూపే (వీసా లాంటిదే, మన దేశపు కార్డు నెట్‌వర్క్) క్రెడిట్ కార్డు తీసుకోండి. 2022 నుంచి దాన్ని యూపీఐకి కలుపుకునే వీలుంది, వీసాకి లేదు. కొట్టు దగ్గర క్యూఆర్ స్కాన్ చేసి, బ్యాంకు ఖాతా బదులు కార్డు ఎంచుకుని పిన్ కొట్టడమే. పది రూపాయల టీ కూడా తేదీతో సహా స్టేట్‌మెంట్లో పడుతుంది. నేను ఆ కార్డు టూరుకి తప్ప ఇంటి ఖర్చుకి ముట్టను. రెండూ కలిపితే లెక్క కలవదు.

స్పేర్ పార్టుల సేల్స్, సిరొంచ:
అన్ని క్యూఆర్‌లకీ వెళ్లదండీ. వ్యాపారి క్యూఆర్ అయితేనే వెళ్తుంది. మనిషి సొంత ఖాతాకి క్రెడిట్ కార్డు నుంచి డబ్బు పంపనివ్వరు. మా అహేరి వైపు ఒక పకోడీ బండి మీద రెండు క్యూఆర్‌లు అంటించి ఉంటాయి. ఒకటి అతని కొడుకు ఫోనుది, ఇంకోటి సౌండ్ బాక్సుది. బాక్సుది స్కాన్ చేస్తేనే నా కార్డు తీసుకుంటుంది. మీరూ ముందు బాక్సు ఉందేమో చూడండి.

విత్తనాల రెప్, పర్లాకిమిడి:
మరి టీ కొట్టతనికి కమీషన్ కోస్తారా? మన లెక్క కోసం అతని డబ్బు పోవడం నాకిష్టం లేదు.

మందుల రెప్, రాయగడ:
చిన్న వ్యాపారులకి 2,000 రూపాయల వరకు కోత లేదన్నా. నిశ్చింతగా కొట్టండి.

అకౌంట్స్, బరంపురం:
ఆఫీసు వైపు నుంచి ఒక మాట. స్టేట్‌మెంట్ చూస్తే డబ్బు కట్టారని తెలుస్తుంది, ఎందుకు కట్టారో తెలియదు. యాప్‌లో నోట్ రాసే చోటుంటే అప్పుడే "గుణుపురం డీలరుతో టీ" అని రాసేయండి. నెలాఖరుకి ఎవరికీ గుర్తుండదు. లాడ్జి బిల్లు మాత్రం కంపెనీ పేరు మీదే రాయించండి. ఆంధ్రాలో మాత్రమే రిజిస్టరైన కంపెనీకి ఒడిశా లాడ్జి మీద జీఎస్టీ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని కంపెనీ తన పన్నులో తగ్గించుకోవడం) రాదు, నిజమే. అయినా ఖర్చుగా చూపడానికి ఆ బిల్లే ఆధారం. అది లేదని రెప్‌ల డబ్బు ఆపాల్సొస్తే నాకూ బాధగానే ఉంటుంది.

స్పేర్ పార్టుల సేల్స్, సిరొంచ:
సిగ్నల్ లేని ఊళ్లకి నగదు తప్పదు. ఆ నగదు కోసం క్రెడిట్ కార్డు ఏటీఎంలో పెట్టొద్దు తమ్ముడూ. ఫీజు వేస్తారు, పైగా తీసిన రోజు నుంచే వడ్డీ. కార్డుతో వస్తువు కొన్నప్పుడు వడ్డీ లేకుండా ఉండే గడువు దానికి ఉండదు. డెబిట్ కార్డుతో తీసుకుని, ఆ రోజు ఖర్చు ఆ రోజే ఫోన్లో రాసుకోండి.