"నన్ను ఆరాధించండి": ఈ మాట తెలుగులో ఎలా ఉండాలి?

'మై లిబరేషన్ నోట్స్' చూసినవాళ్లకి ఒక ప్రశ్న. 2022లో వచ్చిన కొరియన్ సీరియల్, 16 ఎపిసోడ్లు, రాసింది పార్క్ హే-యంగ్. అందులో యోమ్ మీ-జంగ్ అనే అమ్మాయి, వాళ్ల నాన్న దగ్గర పనిచేస్తూ రోజూ సోజు అనే కొరియన్ మద్యం తాగే మిస్టర్ గూ దగ్గరికి వెళ్లి "నల్ చుఆంగ్‌హేయో" అంటుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్లో 'వర్షిప్ మీ' అని వేశారు. తెలుగులో అయితే ఏమంటారు? 'ఆరాధించు' అనుకున్నాను గానీ, చెవికి సినిమా పాటలా తగులుతోంది.

జవాబు:

పాటలా తగలడానికి కారణం ఉందండీ. మన పాటల్లో ఆరాధన ఎప్పుడూ ఇచ్చేవాడి మాట. నిన్ను ఆరాధిస్తున్నానని వాడే చాటుకుంటాడు, ఆవిడ అడిగిందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. ఇక్కడ కావాల్సిన మనిషే వచ్చి అడుగుతోంది. పైగా ఎలా అడిగిందో చూడండి. రోజూ ఎందుకు తాగుతారు అంటే, తాగకపోతే ఏం చెయ్యను అంటాడతను. పని ఇవ్వనా, తాగుడు కాకుండా వేరే పని ఇవ్వనా అని, ఆ వెంటనే ఈ మాట. కూలికి పిలిచినట్టే ఉంటుంది.

ఇక మాట సంగతి. చుఆంగ్ అనేది చైనా నుంచి కొరియన్‌లోకి వచ్చిన మాట, మనకి సంస్కృత సమాసాల్లాంటిది. అందులో రెండో అక్షరానికి తలెత్తి చూడటం అని అర్థం. సేజోంగ్ రాజు, నౌకాదళపతి యీ సున్-షిన్ లాంటి వాళ్ల గురించి రాసేటప్పుడు వాడే మాట. ప్రేమికులు అనుకునేది కాదు. అందుకే గూ ఫోన్ తీసి నిఘంటువులో అర్థం వెతుక్కుంటాడు. తెలుగు మాటకి కూడా ఇదే పరీక్ష: విన్నవాడు ఒక్క క్షణం ఆగాలి.

'కొలవండి' ప్రయత్నించాను. దేవుణ్ణి కొలుస్తాం, నిజమే. కానీ వాళ్ల నాన్నది వంటింటి సింకులు చేసి బిగించే పని, గూ అక్కడే పనివాడు. అతనితో నన్ను కొలవండి అంటే టేపు తీస్తాడు. 'మన్నించండి' ఇంకా ఘోరం. మన్నన అంటే గౌరవమే, పెద్దల మాట మన్నించాలి అని ఇప్పటికీ అంటాం. అయినా "నన్ను మన్నించండి" అనగానే అందరికీ వినిపించేది క్షమాపణ. గౌరవం కావాలని వచ్చిన పిల్ల చేత తప్పయిందని చెప్పించినట్టవుతుంది. 'సంభావించండి' అంటే అతను నిఘంటువు తీస్తాడు, ఒప్పుకుంటాను. కానీ చూసేవాళ్లు కూడా తియ్యాలి. తీశాక పురోహితుడి సంభావన గుర్తొస్తుంది.

మరొక సభ్యురాలు:

ఇంత తిరగడం దేనికండీ? "నన్ను నెత్తిన పెట్టుకోండి" అంటే సరిపోదా? తలెత్తి చూడటం కూడా అందులో ఉంది.

జవాబు:

బాగుందమ్మా, అర్థానికి దగ్గరే. కానీ అది ఇంట్లో దెప్పిపొడుపులకి అరిగిపోయిన మాట. అల్లుణ్ణి నెత్తిన పెట్టుకున్నారు, చిన్నోణ్ణి నెత్తిన పెట్టుకున్నారు అని విని విని ఉన్నాం. పైగా అర్థం కాకపోవడానికి అందులో ఏముంది, గూ నిఘంటువు ఎందుకు తీస్తాడు?

చివరికి నా ఓటు మీరు మొదట అనుమానించిన మాటకే: "నన్ను ఆరాధించండి." ఆ '-అండి' మాత్రం వదలొద్దు. 'ఆరాధించు' అంటే పౌరాణిక నాటకంలో దేవుడి డైలాగు అయిపోతుంది. '-అండి' చేరగానే బ్యాంకు కౌంటర్లో "ఇక్కడ సంతకం పెట్టండి" అన్నంత మామూలుగా మారుతుంది. గుడి మాటకి కౌంటర్ స్వరం. వింత అక్కడ పుడుతుంది.

కొరియన్‌లో ఇంకో సూక్ష్మం ఉంది. అక్కడ ప్రతి వాక్యం చివరా మర్యాద ఎంతో తేల్చాల్సిందే, తప్పించుకోలేరు. ఆ సన్నివేశంలో మీ-జంగ్ అతనికి చెప్పే మాటల్ని మర్యాదతో ముగిస్తుంది. తన గురించి, నేను ఒక్కసారన్నా నిండాలి అనేటప్పుడు మర్యాద జారిపోయి, ఒంటరిగా ఉన్నప్పుడు పైకి అనుకున్నట్టు ఉంటుంది. నా మటుకు ఆ పాత్ర గుండె బయటపడేది అక్కడే. కన్నీళ్లు లేవు, గొంతు వణకదు, క్రియ చివర మర్యాద తెలిపే ఒక్క 'యో' రాలిపోతుంది, అంతే. తెలుగులో 'నిండాలి' అన్న క్రియలో ఎదుటివాడి మర్యాద ఎలాగూ కనపడదు. కాబట్టి చుట్టూ ఉన్న వాక్యాలకి 'అండీ' తగిలించి, దీన్ని మాత్రం బోడిగా వదిలేయాలి:

"మీరు ఏదో ఒకటి చెయ్యాలండీ. నేను ఒక్కసారన్నా నిండాలి. ప్రేమతో కుదరదు. ఆరాధించండి."

ఇంకొకరు:

సార్, నాకది బలహీనతలా అనిపించలేదు. ఆజ్ఞలా ఉంది. అంత నెమ్మదస్తురాలు ఇలా మీద పడటం నమ్మబుద్ధి కాలేదు.

జవాబు:

ఆజ్ఞే. కానీ అంతకుముందు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పాత ప్రియుడి కోసం తీసుకున్న అప్పు ఆమె మెడకి చుట్టుకుంది. ఆ ఉత్తరాలు ఇంట్లోవాళ్ల కంట పడకూడదని గూ ఇంటి అడ్రసు వాడుకోనివ్వమని అడిగింది. ఇంట్లో తోబుట్టువులు నోరున్నవాళ్లు. అక్క గి-జంగ్ ఈ చలికాలం ఎవరో ఒకర్ని ప్రేమించి తీరతానని బాహాటంగా చెప్పేస్తుంది. అన్న చాంగ్-హీ అయితే సియోల్ పచ్చసొన, చుట్టూ ఉన్న గ్యోంగీ రాష్ట్రం తెల్లసొన అని ఎవరో అన్న మాట పట్టుకుని లెక్చరిస్తాడు (మన నగర శివార్లలో ఉండేవాళ్లకి చురుక్కుమనే పోలిక). వాళ్ల మధ్య ఈ పిల్ల మాట్లాడదు. సొంతవాళ్లకి అప్పు సంగతే చెప్పుకోలేనిది, పేరు కూడా తెలియని మనిషిని ఆరాధన అడుగుతోంది. బతిమాలడం చేతకాని వాళ్లు అడిగితే ఆజ్ఞలాగే ఉంటుంది.

గూ పాత్ర కూడా అంతే. నీ కోసం ఏదైనా చేస్తానని అతను చెప్పడు. ఆమె టోపీ గాలికి ఎగిరి కాలవ అవతల పడితే, వెనక్కి వెళ్లి పరుగెత్తుకొచ్చి ఒక్క దూకు దూకుతాడు. గూగా నటించిన సోన్ సుక్-కు ముఖంలో అప్పుడు కూడా పెద్ద భావం ఏమీ ఉండదు.

మొదట అడిగినవారు:

బాగా తేల్చారండీ. ఒక్కటి మిగిలింది. ఆరాధించడం అంటే ఎలా అని అతను అడిగితే ఆమె 'ఉంగ్వన్' అంటుంది కదా, నువ్వు ఏదైనా చెయ్యగలవు అని. ఆటల్లో చీర్ చెయ్యడానికి వాడే మాటేగా? 'ప్రోత్సహించడం' వెయ్యొచ్చా?

జవాబు:

ఆ మాటే. కానీ 'ప్రోత్సహించడం' బహుమతి ప్రదానోత్సవంలో కలెక్టరు గారికి వదిలేద్దాం. ఇక్కడ "వెన్ను తట్టడం" వెయ్యండి. మొదటి మాట ఎంత ఎత్తులో ఉందో ఈ మాట అంత నేల మీద ఉండాలి.