అనంతపురం ఎండకు చేపల తొట్టి పచ్చబడుతోంది

ప్రశ్న: పెరట్లో సిమెంటు తొట్టి కట్టి గోల్డ్‌ఫిష్ వేశాం. నీళ్లు పచ్చగా మారి చేపలే కనపడటం లేదు. మొత్తం తోడేసి బోరు నీళ్లు నింపినా మళ్లీ అంతే. పాప రోజూ అడుగుతోంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: అన్నా, మొత్తం నీళ్లు మార్చొద్దు. ఆ పచ్చదనం నీళ్లలో తేలే సన్న నాచు. ఎండ, చేపల వ్యర్థాలు, మిగిలిన మేత, ఇవే దాని తిండి. మన సీమలో ఎండకు కొదవేముంది! కడపలో మా తొట్టి సగం కలువాకులతో నిండింది, మిగతా సగానికి గ్రీన్ నెట్ కట్టాను. ఇప్పుడు అడుగు కనిపిస్తుంది. చేపలు రెండు మూడు నిమిషాల్లో తినేసేంత మేతే వేయండి.

ఇంకో జవాబు: ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగకండి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపు అమ్మోనియాను మార్చే మంచి బ్యాక్టీరియా ఆ స్పాంజిలోనే ఉంటుంది, కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కు అది చచ్చిపోతుంది. తొట్టి నీళ్లలోనే పిండండి.

ప్రశ్న అడిగినవారు: సరే అన్నా, రేపే నర్సరీలో కలువ దుంపలు అడుగుతా.