రిటైర్ అవుతున్న సెంటర్ కాంట్రాక్ట్ ట్రేడ్‌లో చెల్లదా? ప్రతిసారీ రిజెక్ట్ అవుతోంది

ఫ్రిస్కో_జీఎం:
రాత్రి నుంచి దీని మీదే కూర్చున్నాను, బుర్ర వేడెక్కిపోయింది. ఎన్‌బీఏ రూల్స్‌తో మేం ఆడే బాస్కెట్‌బాల్ సిమ్ లీగ్‌లో (టీమ్‌ని నడిపే గేమ్) మా సెంటర్‌కి, అంటే బాస్కెట్ దగ్గర ఆడే పొడుగు ఆటగాడికి, 38 ఏళ్ళు. ఈ సీజన్‌తో ఆట మానేస్తున్నానని ప్రకటించేశాడు. మోకాళ్ళు అరిగిపోయి నవంబర్ నుంచి కోర్టులో దిగలేదు. 12 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్, ఈ సీజన్‌తో అయిపోతుంది. ఇతన్నీ, 9.5 మిలియన్ల మా వింగ్ ప్లేయర్‌నీ ఇచ్చి 20 మిలియన్ల గార్డ్‌ని తెచ్చుకుందామని చూస్తున్నాను. 21.5 ఇచ్చి 20 తీసుకుంటున్నాం, అంటే తక్కువే తెచ్చుకుంటున్నాం. అవతలి టీమ్ కూడా ఓకే అంది. అయినా ఎన్నిసార్లు పంపినా రిజెక్ట్. రిటైర్ అవుతున్నవాడి కాంట్రాక్ట్ ట్రేడ్‌లో పెట్టకూడదని ఎన్‌బీఏ రూల్ ఏమైనా ఉందా? డెడ్‌లైన్ దగ్గర పడింది. తెలిసినవాళ్ళు త్వరగా చెప్పండి ప్లీజ్.

క్యాప్‌షీట్:
మీ టీమ్ మొత్తం శాలరీ ఎంత?

విశాఖ_హూప్స్:
చెల్లకపోవడమేంటి బ్రదర్, రిటైర్ అయినవాళ్ళని ట్రేడ్‌లో వాడటం ఈ లీగ్‌లో పాత విద్యే. 2008 ఫిబ్రవరి గుర్తు చేసుకోండి. జేసన్ కిడ్ కోసం డల్లాస్ న్యూజెర్సీతో డీల్ కుదుర్చుకుంది. డెవిన్ జార్జ్ తన ట్రేడ్‌కి ఒప్పుకోలేదు, కాదనే హక్కు అతనికి ఉంది, దాంతో డీల్ ఆగిపోయింది. ఇచ్చే, తెచ్చుకునే జీతాల లెక్కలో పడిన ఖాళీని దేంతో పూడ్చారో తెలుసా? కీత్ వాన్ హార్న్‌తో. అతను 2006 తర్వాత ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, ఇంట్లో ఉన్నాడు. సుమారు 4.3 మిలియన్లు ఇచ్చి అతనితో సంతకం పెట్టించి న్యూజెర్సీకి పంపారు. అదే నెల మొదట్లో లేకర్స్ పావ్ గసోల్‌ని తెచ్చుకున్నప్పుడు ఆరన్ మెకీ కూడా అలాగే వెళ్ళాడు. అప్పటికి అతను ఫిలడెల్ఫియాలో కోచింగ్ స్టాఫ్‌తో పనిచేస్తున్నాడు! ఆట మానేసి కోచింగ్‌లోకి వెళ్ళినవాడి పేరు పెట్టి ఒక ఆల్‌స్టార్‌ని తెచ్చారు. నన్నడిగితే లీగ్ చరిత్రలో అంత తెలివైన ఫ్రంట్ ఆఫీస్ పని ఇంకోటి లేదు. కాబట్టి మీ సెంటర్ కాంట్రాక్ట్ బ్రహ్మాండంగా చెల్లుతుంది.

బెజవాడ_బ్యాంక్‌షాట్:
విశాఖ గారూ, కథ నిజమే కానీ ఈ ప్రశ్నకి వర్తించదు. వాన్ హార్న్‌కీ మెకీకీ అప్పుడు కాంట్రాక్టే లేదు. వాళ్ళిద్దరూ ఫ్రీ ఏజెంట్లు. పాత టీమ్ వాళ్ళని వదులుకున్నట్టు రాసివ్వలేదు కాబట్టి క్యాప్ (టీమ్ జీతాల పరిమితి) మించి సంతకం చేయించుకునే హక్కు మిగిలింది. ఆ హక్కుని వాడుకుని కొత్త కాంట్రాక్ట్ రాసి అప్పటికప్పుడు ట్రేడ్ చేశారు. సైన్ అండ్ ట్రేడ్ అంటే అది. ఇక్కడ అడుగుతున్నది బతికున్న కాంట్రాక్ట్ గురించి. రెండూ ఒకటి కాదు.

పైగా ఆ దారి లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య కుదిరిన 2011 ఒప్పందంతో మూసుకుపోయింది. ఇప్పుడు సైన్ అండ్ ట్రేడ్ చేయాలంటే ఆ ఆటగాడు ముందటి సీజన్‌ని మీ టీమ్‌లోనే ముగించి ఉండాలి, డీల్ కూడా సీజన్ మొదలయ్యేలోపే అయిపోవాలి. ఫిబ్రవరిలో ఇంట్లో ఉన్నవాడిని పిలిచి సంతకం పెట్టించడం ఇక కుదరదు.

విశాఖ_హూప్స్:
కాంట్రాక్ట్ ఉన్నా లేకపోయినా ఆడనివాడి శాలరీతో లెక్క సరిపెట్టడమే కదా. నేను చెప్పింది ఆ సూత్రం గురించి.

బెజవాడ_బ్యాంక్‌షాట్:
సూత్రం వేరు, రూల్ వేరు. క్యాప్ హోల్డ్‌ని (ఫ్రీ ఏజెంట్ మీద హక్కు ఉన్నంతకాలం టీమ్ లెక్కలో ఉండే మొత్తాన్ని) కాంట్రాక్ట్ అనేస్తే కొత్తగా చదివేవాళ్ళు తప్పుదారి పడతారు.

ఫ్రిస్కో_జీఎం:
అన్నయ్యలూ, మా వాడికి కాంట్రాక్ట్ ఉంది, నడుస్తోంది, డబ్బు వెళ్తోంది. దాన్ని పెట్టొచ్చా లేదా, అంతే.

వరంగల్_వింగ్:
రిటైర్‌మెంట్ అనగానే ముందు ఏ రకం రిటైర్‌మెంటో చూడాలి, దీన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. మోకాళ్ళు అరిగిపోయాయంటున్నారు కదా. కెరీర్ ముగిసే గాయమైతే, ఆఖరి మ్యాచ్ ఆడిన ఏడాది తర్వాత ఆ శాలరీని క్యాప్ లెక్కలోంచి తీసేయమని లీగ్‌ని అడగొచ్చు. డబ్బు మాత్రం ఆటగాడికి అందుతుంది. క్రిస్ బోష్‌కి రక్తం గడ్డలు కట్టి 2016 ఫిబ్రవరి తర్వాత ఆడలేకపోతే, మయామీ 2017లో అతన్ని వెయివ్ చేసి (టీమ్‌లోంచి వదిలేసి) మిగిలిన రెండేళ్ళ సొమ్ము, 52 మిలియన్ల పైమాటే, లెక్కలోంచి తీసేయించుకుంది.

దీనికి మెలిక ఉంది, అది తెలియాలంటే డేరియస్ మైల్స్ సంగతి చదవాలి. పోర్ట్‌ల్యాండ్ అతని మోకాలు ఇక పనికిరాదని 2008లో లెక్కలోంచి తీయించింది. అతనేమో మళ్ళీ ఆడటానికి వచ్చాడు. అప్పటి రూల్ ప్రకారం 10 మ్యాచ్‌లు ఆడితే మొత్తం శాలరీ పాత టీమ్ నెత్తిన పడుతుంది. ప్రీసీజన్ మ్యాచ్‌లు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. బోస్టన్‌తో ప్రీసీజన్ ఆడాడు, తర్వాత మెంఫిస్ తీసుకుంది. అతన్ని తీసుకునే టీమ్‌ల మీద కోర్టుకెళ్తామని పోర్ట్‌ల్యాండ్ మిగతా టీమ్‌లన్నిటికీ 2009 జనవరిలో ఈమెయిల్ పంపింది. ఎంత గొడవైందో! చివరికి మెంఫిస్ ఆడించనే ఆడించింది, రెండు సీజన్లకి కలిపి 18 మిలియన్లు పోర్ట్‌ల్యాండ్ లెక్కలోకి తిరిగొచ్చాయి. తర్వాత ఆ 10ని 25 చేశారు. ఒక ఆటగాడు తన కాళ్ళ మీద నిలబడి మళ్ళీ ఆడాలనుకోవడం ఇంకొకరి పుస్తకాల్లో నష్టంగా పడటం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

బెజవాడ_బ్యాంక్‌షాట్:
మంచి సమాచారం. కానీ ఆ వెసులుబాటు కావాలంటే ముందు వెయివ్ చేయాలి. వెయివ్ చేశాక ట్రేడ్ చేయడానికి ఏం మిగిలింది? గాయం అయినప్పుడు ఏ టీమ్‌లో ఉన్నాడో ఆ టీమే అడగాలి కూడా, కాబట్టి ట్రేడ్‌లో తీసుకున్నవాళ్ళు కూడా అడగలేరు. నవంబర్‌లో ఆపినవాడికి ఏడాది కూడా కాలేదు.

మియాపూర్_మిడ్‌రేంజ్:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. ఇచ్చే జీతానికీ తెచ్చుకునే జీతానికీ ఈ లంకె ఎందుకసలు? ఐపీఎల్‌లో 2023 నవంబర్‌లో హార్దిక్ పాండ్యాని గుజరాత్ నుంచి ముంబై డబ్బిచ్చి తీసేసుకుంది. బదులుగా ఆటగాడు ఎవరూ వెళ్ళలేదు. పర్సులో చోటుంటే చాలు కదా.

విశాఖ_హూప్స్:
ఎన్‌బీఏలోనూ పర్సులో చోటుంటే అంతే. కానీ ఫిబ్రవరికి దాదాపు ఏ టీమ్‌కీ ఆ చోటు ఉండదు, అన్నీ క్యాప్ మీదే ఉంటాయి. క్యాప్ మీద ఉన్నవాళ్ళు జీతానికి జీతం సరిపెట్టాలి. డబ్బు కట్టి ఆటగాడిని తెచ్చుకోవడం ఉండదు. అందుకే ఆడని వాడి 12 మిలియన్లకి కూడా అంత విలువ.

హాకీ_హరి_టొరంటో:
ఆడని వాళ్ళ కాంట్రాక్టులంటే ఐస్ హాకీ (ఎన్‌హెచ్‌ఎల్) వైపు చూడాలి. క్రిస్ ప్రాంగర్ 2011 నవంబర్ తర్వాత ఆడలేదు. 2014లో లీగ్ ఆఫీసులోనే ఉద్యోగంలో చేరాడు. అయినా 2015 జూన్‌లో ఫిలడెల్ఫియా అతని కాంట్రాక్ట్‌ని అరిజోనాకి ట్రేడ్ చేసింది. అదే ఏడాది నవంబర్‌లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళేటప్పటికి అతను కాగితం మీద అరిజోనా ఆటగాడు! అరిజోనాకి ఎందుకంటే, హాకీలో క్యాప్ లెక్కకీ నిజంగా చేతికిచ్చే జీతానికీ తేడా ఉండొచ్చు. ప్రాంగర్ లెక్కలో 4.9 మిలియన్లు, ఆఖరి ఏళ్ళలో ఇవ్వాల్సింది 5,75,000 మాత్రమే. ప్రతి టీమ్ చేరాల్సిన కనీస జీతాల గీత దాటడానికి అంతకంటే చవక దారి లేదు. మరుసటి ఏడాది పావెల్ డాట్సుక్ రష్యా వెళ్ళిపోతుంటే డెట్రాయిట్ కూడా అతని కాంట్రాక్ట్‌ని అరిజోనాకే పంపింది.

క్యాప్‌షీట్:
మళ్ళీ అడుగుతున్నా. టీమ్ మొత్తం శాలరీ?

ఫ్రిస్కో_జీఎం:
213 మిలియన్లు. జీతాలు గీత దాటి లీగ్‌కి ట్యాక్స్ కట్టే టీమ్ అని వేరే చెప్పాలా, 12 మిలియన్ల బెంచ్ సెంటర్‌ని ఇంకెవరు పెట్టుకుంటారు. ఇది డల్లాస్ చుట్టుపక్కల మావాళ్ళం నడిపే సిమ్ లీగ్. ఆటగాళ్ళు గేమ్ తయారుచేసినవాళ్ళు, రూల్స్ మాత్రం అచ్చం 2025-26 ఎన్‌బీఏవే. మా కమిషనర్ చాలా స్ట్రిక్ట్, కారణం చెప్పకుండా రెడ్ మార్క్ పెట్టేస్తాడు.

క్యాప్‌షీట్:
రెండో ఏప్రన్ (ట్యాక్స్ గీతకి పైనున్న రెండో జీతాల గీత) 207.824. ఇద్దర్ని కలపకూడదు. రిటైర్‌మెంట్‌కి సంబంధం లేదు.

కాకినాడ_క్యాప్:
క్యాప్‌షీట్ గారు చెప్పిందే కాస్త విడమరుస్తాను, ఎందుకంటే ఇక్కడే అందరూ ఆగిపోతారు.

2025-26 సీజన్ క్యాప్ 154.647 మిలియన్లు, ట్యాక్స్ గీత 187.895, మొదటి ఏప్రన్ 195.945, రెండోది 207.824. మొదటి ఏప్రన్ దాటితే ఇచ్చినదానికంటే ఒక్క డాలర్ కూడా ఎక్కువ తెచ్చుకోకూడదు. మీరు తక్కువే తెస్తున్నారు కాబట్టి అక్కడ పాస్. రెండోది దాటితే ఇద్దరి శాలరీలు కలిపి ఒక పెద్ద శాలరీకి సరిపెట్టకూడదు. లీగ్ చూసేది ట్రేడ్ అయ్యాక మీరు ఎక్కడ నిలబడ్డారని. 213లోంచి 21.5 తీసి 20 కలిపితే 211.5. ఇంకా గీత మీదే ఉన్నారు, అందుకే రెడ్ మార్క్. మీ సెంటర్ స్థానంలో 25 ఏళ్ళ కుర్రాడిని పెట్టినా ఇదే జరుగుతుంది.

ఇదే ఇద్దర్ని పెట్టి 16.324 లోపు జీతం ఉన్నవాడిని తెచ్చుకుంటే సరిగ్గా గీత కిందకి దిగుతారు, అప్పుడు కలపడం చెల్లుతుంది. లేదంటే ముందు ఎవరైనా బెంచ్ ఆటగాడిని, కనీసం 3.676 మిలియన్లవాడిని, క్యాప్‌లో ఖాళీ ఉన్న టీమ్‌కి ఊరికే ఇచ్చేసి తర్వాత ఈ ట్రేడ్ పంపండి. ఏ దారైనా ఒకసారి కలిపారంటే ఈ సీజన్ అయ్యేదాకా రెండో ఏప్రన్ మీకు గట్టి పైకప్పు అయిపోతుంది, కనీస జీతంతో తెచ్చుకునేవాడికి కూడా చోటు చూసుకోవాలి. ఇంకో మాట, ఆ 213లో బోనస్‌లు కలిపారా? ఏప్రన్ లెక్కలో రాకపోవచ్చనుకునే బోనస్‌లు కూడా కలుస్తాయి. చాలా షీట్లలో తేడా వచ్చేది అక్కడే.

ఇక మీ అసలు ప్రశ్న. మైక్ ముందు రిటైర్ అవుతానని చెప్తే రిటైర్ అయినట్టు కాదు. లీగ్‌కి కాగితం పెట్టేదాకా, టీమ్ వెయివ్ చేసేదాకా కాంట్రాక్ట్ మామూలు కాంట్రాక్టే, నిశ్చింతగా ట్రేడ్ చేయొచ్చు. కాగితం పెడితే తన ఇష్టానికి ఏడాది దాకా తిరిగి రాలేడు, రావాలంటే 30 టీమ్‌లూ ఒప్పుకోవాలి. మిగిలిన జీతం కూడా వదులుకున్నట్టే, టీమ్ ఇష్టపడి ఇస్తే తప్ప. అలా ఇస్తే అది లెక్కలోనే ఉంటుంది. జేమ్స్ వర్దీ 1994లో రిటైర్ అయినా ఆ తర్వాత రెండు సీజన్లు లేకర్స్ లెక్కలో అతని జీతం ఉంది. 2016లో టిమ్ డంకన్ ఆట మానేసినప్పుడు శాన్ ఆంటోనియో అతన్ని వెయివ్ చేసి, రావాల్సిన సొమ్ముని మూడేళ్ళకి పరిచింది, ఏడాదికి 1.88 మిలియన్ల చొప్పున. 19 సీజన్లు ఒకే టీమ్‌కి ఆడినవాడికి ఆ గౌరవం దక్కాల్సిందే. కానీ అలా పరిచాక ఆ డబ్బు ట్రేడ్‌కి పనికిరాదు. కాంట్రాక్ట్‌కి విలువంతా కాగితం పడకముందే.

మియాపూర్_మిడ్‌రేంజ్:
అయితే ట్రేడ్ చేసి, అవతలివాళ్ళు వెయివ్ చేశాక మళ్ళీ మనమే తెచ్చుకుని ఆఖరి మ్యాచ్ మన జెర్సీలో ఆడిస్తే? మంచి వీడ్కోలు అవుతుంది కదా.

కాకినాడ_క్యాప్:
ఇప్పుడు కుదరదు. 2008లో అయితే ట్రేడ్ చేసినవాడు 30 రోజులు ఆగి తిరిగి రావచ్చు. కిడ్ డీల్ మొదటి రూపంలో జెర్రీ స్టాక్‌హౌస్ ఉన్నాడు, నెల తర్వాత డల్లాస్‌కే వచ్చేస్తానని బయటికి చెప్పేయడంతో లీగ్ అడ్డు చెప్పింది. ఇప్పుడు ట్రేడ్ చేసినవాడిని కొత్త టీమ్ వెయివ్ చేస్తే, పాత టీమ్ ఆ ట్రేడ్‌కి ఏడాదైనా ఆగాలి, లేదా ఆ కాంట్రాక్ట్ అయిపోయాక వచ్చే జులై 1 దాకా ఆగాలి.

అనంతపురం_అసిస్ట్:
ఆ 12 మిలియన్లు పూర్తిగా గ్యారంటీయేనా? 2015లో క్లీవ్‌లాండ్ బ్రెండన్ హేవుడ్ కాంట్రాక్ట్‌ని పోర్ట్‌ల్యాండ్‌కి పంపినప్పుడు అందులో గ్యారంటీ ఒక్క డాలరూ లేదు, అయినా 10.5 మిలియన్లుగా లెక్కకొచ్చింది. పోర్ట్‌ల్యాండ్ అతన్ని తీసుకుని వెయివ్ చేసేసింది. 2017 ఒప్పందం తర్వాత రాసిన కాంట్రాక్టుల్లో ఇచ్చేవైపు గ్యారంటీ ఉన్న భాగమే లెక్క.

కాకినాడ_క్యాప్:
జనవరి 10 దాటింది కదా, ఈ సీజన్ జీతాలన్నీ ఇప్పటికే గ్యారంటీ అయిపోయాయి. వేసవిలో అయితే ఆ ప్రశ్న సరైనదే.

విశాఖ_హూప్స్:
నేను మొదట్లోనే చెప్పాను, కాంట్రాక్ట్ చెల్లుతుందని.

బెజవాడ_బ్యాంక్‌షాట్:
మీరు చెప్పిన కారణం వేరు, గురువుగారూ.

ఫ్రిస్కో_జీఎం:
16 మిలియన్ల గార్డ్ ఒకడు దొరికాడు. బోనస్‌లు కలిపి చూసినా గీత కిందే ఉన్నాం. గ్రీన్ మార్క్ వచ్చింది. థ్యాంక్స్ అందరికీ, క్యాప్‌షీట్ గారికీ.

హాకీ_హరి_టొరంటో:
సంతోషం. ఇంతకీ ఆ సెంటర్ కొత్త టీమ్‌కి రిపోర్ట్ చేయనంటే, అదే రోజు రిటైర్‌మెంట్ కాగితం పెట్టేస్తే, ట్రేడ్ నిలబడుతుందా? మీ కమిషనర్ రూల్స్‌లో దానికేం రాసుకున్నారు?