తిలక్ రోడ్డు వెడల్పా, పెద్దాసుపత్రా? అనంతపురంలో డబ్బు ముందు దేనికి పోవాలి

టవర్‌క్లాక్ పక్కన:
తిలక్ రోడ్డు, గాంధీ బజార్ వెడల్పు మాట ఏళ్ల తరబడి నలుగుతోంది. ఇంకోపక్క గుంతకల్లు, రాయదుర్గం, కళ్యాణదుర్గం నుంచి సీరియస్ కేసులన్నీ పెద్దాసుపత్రికే వస్తాయి. నా వరకు ఆసుపత్రే ముందు. రోడ్డుకు పెట్టే డబ్బు ఆసుపత్రికి ఇవ్వమని కార్పొరేషన్‌ను అడగొచ్చా? నిధుల లెక్క తెలిసినవాళ్లు చెప్పండి.

ఖజానా పద్దు:
అడగొచ్చన్నా, కానీ ఆ తలుపు తట్టి లాభం లేదు. పెద్దాసుపత్రి వైద్య విద్య శాఖ కింద ఉంది, కట్టడాలూ పరికరాలూ ఏపీఎంఎస్ఐడీసీ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ చూస్తుంది. కార్పొరేషన్‌కు వచ్చే ఆర్థిక సంఘం డబ్బుకు ముందే గిరి గీసేశారు. 15వ సంఘం (2021-26) లెక్కలో మనలాంటి ఊళ్లకు 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే. మిగతా 40 శాతం కౌన్సిల్ ఇష్టం, అదీ జీతాలకు వాడకూడదు.

మీరు పట్టుకోవాల్సింది డీఎంఎఫ్, అంటే జిల్లా ఖనిజ నిధి. 2015 నుంచి గనులవాళ్లు రాయల్టీ మీద అదనంగా కడుతున్నారు: పాత లీజులకు రాయల్టీలో 30 శాతం, వేలంలో వచ్చినవాటికి 10 శాతం. అందులో పెద్ద వాటా తాగునీరు, వైద్యం, చదువు లాంటివాటికే పోవాలని రూల్. ఒక మెలిక ఉంది. గనుల ప్రభావం ఉన్న ఊళ్లకే మొదటి హక్కు. కాబట్టి సున్నపురాయి గనులున్న తాడిపత్రి ఆసుపత్రి పేరుతో అడిగితే సులువు, అనంతపురం పేరుతో అడిగితే కష్టం. రెండోది ఎంపీ నిధి, ఏడాదికి 5 కోట్లు. ప్రభుత్వాసుపత్రికి అంబులెన్సు, పరికరాలు కొనొచ్చు.

మరువవంక గట్టు:
రోడ్డు సంగతి నేను చెప్తా. వెడల్పులో తారు ఖర్చు చిన్నది, పరిహారం పెద్దది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ఒక అంగడికి స్థలం, కట్టడం కలిపి 50 లక్షలు తేలిందనుకోండి, సొలేషియం, అంటే బలవంతంగా తీసుకున్నందుకు అంతే మొత్తం అదనంగా ఇచ్చేది, కలిపితే అది కోటి అవుతుంది. స్థలం విలువ మీద నోటిఫికేషన్ నాటి నుంచి అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) దాకా ఏటా 12 శాతం వేరే. అందుకే డబ్బుకు బదులు టీడీఆర్ బాండ్ ఇస్తామంటారు, అంటే వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు, దాన్ని అమ్ముకోనూ వచ్చు. చిన్న అంగడివాడు ఆ బాండ్ తీసుకుని ఏం చేసుకోవాల? కోర్టుకు పోతాడు. పని సగంలో ఆగుతుంది, కరెంటు స్తంభాలు నడిరోడ్డులోనే ఉంటాయి.

ఆసుపత్రి, రోడ్డు కంటే ముందు ఊళ్లో పారే వంకలు (వాగులు) చూడాలని నా వాదన. 2022 అక్టోబరు వానలకు నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి కదా. కల్వర్టు కింద అడ్డంగా పోయే నీళ్ల పైపుకు చీరపేలికలు, ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని వల మాదిరి తయారవుతాయి. దాని వెనక పూడిక పేరుకుంటుంది. జూన్ లోపల ఆ పైపులు స్లాబ్ పైకి లేపి పూడిక తీస్తే చాలావరకు నీళ్లు పోతాయి. కార్పొరేషన్ చేతిలో ఉన్న పని ఇదే, దోమల జ్వరాలు తగ్గేదీ దీంతోనే.

డయాలసిస్ టెక్నీషియన్:
వంక మాట ఒప్పుకుంటా. కానీ ఆసుపత్రికి ఏం అడగాలో తేల్చుకోకపోతే డబ్బు వచ్చినా వృథానే. ఎక్కువమంది మిషన్ అడుగుతారు, దాన్ని నడిపేవాళ్లను అడగరు. పది ఐసీయూ బెడ్లకు రెండింటికి ఒక నర్సు అనుకున్నా షిఫ్టుకు ఐదుగురు. మూడు షిఫ్టులు, వారం సెలవులు, లీవులు కలిపితే 23 మందికి తగ్గదు. ఆ జీతాలు డీఎంఎఫ్‌లోనో ఎంపీ నిధిలోనో ఏటేటా రావు. పోస్టులు రాష్ట్ర బడ్జెట్‌లోనే మంజూరు కావాలి.

నన్నడిగితే తాడిపత్రి లాంటి బయటి ఊళ్ల ఆసుపత్రుల్లో డయాలసిస్ (కిడ్నీ చెడినవాళ్ల రక్తాన్ని మిషన్‌తో శుద్ధి చేయడం) పెంచమంటా. రోగి వారానికి మూడుసార్లు వంద కిలోమీటర్లు తిరగడం తప్పుతుంది. ఒక మిషన్ రోజుకు మూడు షిఫ్టులు నడిస్తే, సోమ-బుధ-శుక్ర, మంగళ-గురు-శని రెండు బ్యాచ్‌లుగా ఆరుగురికి సరిపోతుంది. ఐదు మిషన్లు కొంటే ముప్ఫై మంది అనుకోవద్దు: రక్తం ద్వారా అంటుకునే హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ఒకటి విడిగా పెట్టాల, ఒకటి చెడిపోతే వాడడానికి ఉండాల.

అసలు తంటా నీళ్లతో. నాలుగు గంటల సెషన్‌కు మిషన్ నిమిషానికి 500 మి.లీ. లాగుతుంది, అంటే 120 లీటర్ల ఆర్వో నీళ్లు (సన్నటి పొరల గుండా వడకట్టినవి). వదిలేసే నీళ్లు కలిపితే బోరు నుంచి అంతకు రెట్టింపు కావాలి. మన నీళ్లు కఠినం, ముందు ఆ కాఠిన్యం తీసే సాఫ్ట్‌నర్ లేకుంటే ఆర్వో పొరలు తొందరగా పూడుకుపోతాయి. క్లోరిన్‌ను ఆపే కార్బన్ ఫిల్టర్ పనితనం అయిపోయిందేమో చూసుకోకుంటే క్లోరిన్ దాటిపోయి రోగి రక్తకణాలు చిట్లిపోతాయి. రోజూ మొదటి షిఫ్టుకు ముందు క్లోరిన్ పరీక్ష చేసి రిజిస్టర్‌లో రాయాల్సిందే.

టవర్‌క్లాక్ పక్కన:
అందరికీ ధన్యవాదాలు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తాం. తాడిపత్రికి డీఎంఎఫ్ నుంచి డయాలసిస్, కార్పొరేషన్‌కు విడిగా వంకల పూడిక. మిషన్ల అర్జీలో ఇంకేం రాయాలి?

డయాలసిస్ టెక్నీషియన్:
వారంటీ అయ్యాక ఐదేళ్ల సీఎంసీ (విడిభాగాలతో సహా మరమ్మతు ఒప్పందం) ధర కూడా టెండర్‌లోనే తేల్చమని రాయండి. ఆర్వో ప్లాంటు, సాఫ్ట్‌నర్, జనరేటర్ విడివిడిగా పేర్లు పెట్టండి. ‘డయాలసిస్ యూనిట్’ అని ఊరికే రాస్తే మిషన్లు మాత్రమే వస్తాయి.