సంగటి, నాటుకోడి నలుగురికి 1,470. బయట తిండికి పెట్టిన డబ్బు గిట్టుబాటేనా?

పెన్నగట్టు (కడప):
ఆదివారం మధ్యాహ్నం బిల్లు ఇది. సంగటి ముద్దలు 4కు 160. నాటుకోడి పులుసు 3 ప్లేట్లకు 780. తలకాయ కూర ఒకటి 240. నీళ్ళ సీసాలు 2కు 60. నన్నారి సోడా 4కు 160. మొత్తం 1,400, దానిమీద జీఎస్టీ 70. తిన్నది నలుగురు, ఏసీ లేదు. మూడు సంగతులు తేల్చండి. ఈ రేట్లు న్యాయమైనవేనా? బయట ఏవి తింటే గిట్టుతుంది, ఏవి ఇంట్లోనే చేసుకోవాలి? పొద్దున టిఫిన్‌కు కడప, అనంతపురం, కర్నూలులో ఏది చవక? హోటళ్ళ పేర్లు వద్దు, లెక్క కావాలి.

లెక్కలపుస్తకం (కర్నూలు):
సరుకు ఖర్చు అమ్మే ధరలో మూడో వంతు ఉంటే అది సరైన ధర. మిగతా రెండు వంతుల్లోనే బాడుగ, మాస్టరు జీతం, గ్యాసు, కరెంటు, పారబోసేది, లాభం అన్నీ ఇమడాలి. ఇక నాటుకోడి లెక్క చూద్దాం. కిలోన్నర కోడిని కోసి, కాల్చి, పసుపు పూసి కడిగి, లోపలివి తీసేస్తే కిలో కూర చేతికొస్తుంది. ప్లేటుకు 150 గ్రాముల పచ్చి కూర వేస్తే ఆరు ప్లేట్లు. ఏడో దానికి మెడ, రెక్క కొసలే మిగుల్తాయి. కూర కిలో 600 అనుకుంటే ప్లేటుకు 90. ఎర్రగడ్డలు, అల్లం, తెల్లగడ్డ, ధనియాలు, గసాలు, కొబ్బరి, నూనె కలిపి ఇంకో 20. అంటే 110 రూపాయల సరుకును 260కి అమ్మినారు. సరుకే నలభై శాతం దాటింది. అసలైన నాటుకోడి అయితే వాళ్ళు ఎక్కువ తీసుకోలేదు.
సంగటికి మాత్రం ఎక్కువే తీసుకున్నారు. ముద్దకు 60 గ్రాముల రాగిపిండి, 50 గ్రాముల బియ్యం. సరుకు ఆరేడు రూపాయలు దాటదు.

సీమకారం (ప్రొద్దుటూరు):
"అసలైన నాటుకోడి అయితే" అన్నారు చూడండి, ఆ "అయితే" కాడనే ఉండాది మోసమంతా. ఆదివారం మధ్యాహ్నం రోడ్డు పొడుగునా ప్రతి హోటల్లో నాటుకోడి బోర్డే. అన్ని కోళ్ళు యాడినుంచి వస్తాండాయి? పెట్టేది లేయరు కోడి. గుడ్లు పెట్టడం తగ్గినాక, 72 నుంచి 80 వారాల మధ్య, షెడ్డుకు షెడ్డే ఖాళీ చేస్తారు. ఆ కోడి చవగ్గా దొరుకుతాది, మాంసం గట్టిగా ఉంటాది, తినేవాడు నాటుకోడే అనుకుంటాడు. లేకుంటే వనరాజా, గిరిరాజా అనే రకాల కోళ్ళు. రంగు ఈకలు చూసి సంతలో మనమే మోసపోతాం, ప్లేటులో ఏం కనుక్కుంటాం?

కోళ్ళషెడ్డు (అనంతపురం):
కోళ్ళ సంగతి ఇక్కడ మీలో ఎవరికన్నా నాకు బాగా తెలుసు, కాబట్టి గట్టిగానే చెప్తా. తొంభై ప్లేట్లకు పదిహేను కోళ్ళు చాలు. పదిహేను నాటుకోళ్ళు ఏ సంతలోనైనా దొరుకుతాయి. అందరినీ ఒకే గాటన కట్టేయొద్దండి.
వనరాజా రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ తీసిన రకం. గిరిరాజా బెంగళూరుది. రెండూ పెరట్లో తిరిగి మేసేదానికే తీసినవి. నాటుకోడి కిలో తూగేదానికి అయిదారు నెలలు పడితే, ఇవి మూడు నెలల్లోనే ఆ బరువు దాటుతాయి. రుచి బ్రాయిలర్ కంటే చాలా మేలు. వనరాజా అని చెప్పి 180కి అమ్మితే తప్పేముంది?
ప్లేటులో కనుక్కునే తీరు ఇది. గట్టిదనం చూడొద్దు, లేయరు కూడా గట్టిగానే ఉంటుంది. ఎముక చూడండి. బ్రాయిలర్ లేత కోడి, దాని ఎముక కొసలు ఉడికినాక నల్లగా మారతాయి. నాటుకోడి కాలి ఎముక సన్నం, తెల్లగా, పంటి కింద టక్కున విరుగుతుంది. పసుపు కొవ్వు ముద్దలు ముద్దలుగా తేలుతున్నా, ముక్కల్లో చిన్న చిన్న గుడ్ల గుత్తి ఎక్కువగా వస్తున్నా లేయరు అని అనుమానించండి. ముక్క పైన పిండి పిండిగా, లోపల నారగా ఉంటే పచ్చి బొప్పాయి వేసి మెత్తబరిచినారు. నాటుకోడికి ఆ అవసరం లేదు, కుక్కర్లో ఆరేడు విజిళ్ళు, కట్టెల పొయ్యి మీదైతే గంట చాలు.

సీమకారం (ప్రొద్దుటూరు):
గుడ్ల గుత్తి నాటు పెట్టలో కూడా వస్తాది గదా. కోళ్ళ సంగతి బాగా తెలిసినాయన ఆ మాట ఎందుకు రాయలేదు?

కోళ్ళషెడ్డు (అనంతపురం):
"ఎక్కువగా వస్తున్నా" అని రాసినా, చదివి మాట్లాడండి. నాటు పెట్ట ఒక విడతకు పన్నెండు, పదిహేను గుడ్లు పెట్టి పొదుగుతుంది. లేయరు దాదాపు రోజూ పెట్టేది. ఏ పూట కోసినా దాంట్లో గుత్తి ఉంటుంది. మూడు ప్లేట్లలో మూడింటిలోనూ గుడ్లు వస్తే నాటుకోడి కాదని అనుమానించాల్సిందే. ఇందులో వాదించేదానికి ఏముంది?

సీమకారం (ప్రొద్దుటూరు):
వాదించేది ఏముందంటే, 260 పెట్టినోడు ఎముకలు పరీక్ష చేసుకుంటా తినాల్నా? బోర్డు మీద రకం పేరు రాయమనండి. మీరు హోటలు వాళ్ళను ఎనకేసుకొని వస్తాండారు.

నిర్వాహకుడు:
ఇద్దరూ మాట తగ్గించండి. సమాచారం ఉంటే రాయండి, మనుషుల మీదికి పోవద్దు.

తెడ్డు (జమ్మలమడుగు):
అందరూ కోడి మీద పడినారు, సంగటిని వదిలేసినారు. హోటలు సంగటి ఎందుకు తెల్లగా, బంకగా ఉంటోందో చెప్తా. బియ్యం మూడు వంతులు, పిండి ఒక వంతు వేస్తున్నారు. బియ్యం ఎక్కువైతే ముద్ద పెద్దగా లేస్తుంది, పిండి ఉండలు కట్టే బాధ ఉండదు, కుర్రోడు కూడా కలిపేస్తాడు. సరైన పాళ్ళు గ్లాసు బియ్యానికి గ్లాసు పిండి, నీళ్ళు అయిదు గ్లాసులు. బియ్యం మెత్తగా ఉడికి ఇంకా గంజి ఉండగానే పిండి నడిమధ్యలో కుప్పగా పోయాల. కలపకూడదు. తెడ్డు కాడతో ఒక బొక్క పెట్టి, మూతేసి, సన్న సెగ మీద పది నిమిషాలు వదిలేయాల. ఆ ఆవిరికి పిండి పచ్చివాసన పోతుంది. అప్పుడు దించి, కాళ్ళతో గిన్నె అదిమి పట్టి తిప్పితే ఉండ కట్టదు. ముందే తిప్పితే లోపల పొడి పిండి మిగిలి కడుపులో మంట. ముద్ద విరిస్తే లోపల కూడా ఒకే గోధుమ రంగు ఉండాల, చేతికి అంటకూడదు. అట్లాంటి ముద్దకు 40 ఇవ్వొచ్చు. తెల్ల ముద్దకు 20 కూడా దండగ.

బురుజునీడ (కర్నూలు):
నీళ్ళ సీసా 30 మీద ఎవరూ మాట్లాడరేం? సీసా మీద 20 అని అచ్చేసి ఉంటే 30 ఎట్లా తీసుకుంటారు? 2025 సెప్టెంబరు 22 నుంచి నీళ్ళ సీసా మీద జీఎస్టీ 18 నుంచి 5కు దిగింది. హోటల్లో మాత్రం 30 దగ్గరే నిలిచింది. ఇది దోపిడీనే, కంప్లయింటు పెట్టాల్సిందే.

పన్నులమాట (కడప):
అన్నా, కోపం సరే గానీ చట్టం అట్లా లేదు. కూర్చోబెట్టి వడ్డించే చోట సీసాకు ఎమ్మార్పీ దాటి తీసుకోవచ్చని 2017 డిసెంబరులోనే సుప్రీంకోర్టు చెప్పింది. అది ఉత్త సీసా అమ్మకం కాదు, బల్ల, మనిషి, సేవ అన్నీ కలిసినది అని కారణం. అదే కౌంటరు దగ్గర సీసా ఒక్కటే కొనుక్కొని బయటికి పోతే ఈ తీర్పు కాపాడదు, అప్పుడు ఎమ్మార్పీయే. కాబట్టి కూర్చోగానే సీసా మూత తీయకముందే "ఫిల్టరు నీళ్ళు తెండి" అనండి. నలుగురికి 60 మిగుల్తాయి.
ఆ 70 రూపాయల జీఎస్టీని చూడండి ముందు. రెస్టారెంటుకు 5 శాతం సరే. కానీ ఏడాది అమ్మకం కోటిన్నర లోపు ఉన్నవాళ్ళు కాంపోజిషన్ పథకంలో చేరి ఉంటే, ఆ 5 శాతం తమ జేబులోంచి కట్టాలి, మన దగ్గర వసూలు చేయకూడదు. వాళ్ళు ఇచ్చేది ట్యాక్స్ ఇన్‌వాయిస్ కాదు, బిల్ ఆఫ్ సప్లై. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉంటుంది, మన రాష్ట్రానిది 37తో మొదలవుతుంది. దాన్ని జీఎస్టీ పోర్టల్లో వెతికితే రెగ్యులరా, కాంపోజిషనా అని అక్కడే కనిపిస్తుంది. నంబరే లేకుండా పన్ను వేసిన బిల్లయితే ఆ 70 ఇవ్వాల్సిన పనిలేదు. అడిగినా తీసేయకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

బురుజునీడ (కర్నూలు):
కోర్టు చెప్పింది సరే, న్యాయం మాత్రం కాదు. నీళ్ళకు డబ్బు తీసుకునే హోటలు గొప్పదేం కాదు.

బొరుగులమూట (అనంతపురం):
టిఫిన్ సంగతి నేను చెప్తా. మూడు ఊర్లలోనూ డబ్బుకు తగిన తిండి వగ్గాని, బజ్జీనే. బొరుగులు కిలో కొంటే మూటెడు వస్తాయి. ఒక ప్లేటుకు 50 గ్రాములు చాలు. అయితే టైము చూసుకొని పోవాల. బొరుగులు నీళ్ళలో వేసి నిమిషం లోపే పిండి తీయాల, రెండు నిమిషాలుంటే గుజ్జే. పెద్ద బేసిన్లో కలిపి మూతపెట్టి పదింటిదాకా ఉంచేస్తే ఆవిరికి ముద్ద కడుతుంది. ఏడున్నర లోపల తినండి, మెతుకు మెతుకు విడిగా ఉంటుంది. పుట్నాల పొడి దించినాక చల్లాల, పొయ్యి మీద చల్లితే తేమ లాగేసుకొని గొంతుకు అడ్డం పడతాది.
బజ్జీకి నూనె చూడండి. బజ్జీ వేయగానే బుడగలు కాకుండా నురగ కట్టి కడాయి అంచుదాకా లేస్తే అది నిన్నటి నూనె. సన్న సెగకే పొగ వస్తున్నా అంతే. ఆహార భద్రత సంస్థ లెక్క ప్రకారం నూనెలో పోలార్ పదార్థాలు (మళ్ళీ మళ్ళీ కాగినందుకు నూనె చెడి పుట్టేవి) 25 శాతం దాటితే వాడకూడదు, మనకు మిషను లేదు గాబట్టి నురగే గుర్తు.

బుడ్డలచట్నీ (నంద్యాల):
వగ్గాని కాదు, ఉగ్గాని.

బొరుగులమూట (అనంతపురం):
మా ఊర్లో వగ్గానే అప్పా. మీరు బుడ్డలంటారు, మేం శెనక్కాయలంటాం. తినేది ఒకటే.

కారందోశ_కడప:
దోశ లెక్క ఎవరూ వేయలేదు. కిలో బియ్యం, పావు కిలో మినప్పప్పు రుబ్బితే మూడు కిలోల పిండి. హోటలు దోశకు 120 గ్రాములు పోస్తారు, అంటే పాతిక దోశలు. పిండి ఖర్చు ఒక్కో దోశకు నాలుగు రూపాయలు. ఎర్రకారం, పప్పుల పొడి, నూనె, చట్నీ అన్నీ కలిపినా పన్నెండు దాటదు. అమ్మేది 60. పెన్నగట్టు అన్న అడిగిన రెండో ప్రశ్నకు ఇదే జవాబు: దోశ ఇంట్లో, నాటుకోడి బయట.
ఎర్రకారం సంగతి కూడా. ఎండుమిరపకాయలు నానబెట్టి, ఎర్రగడ్డలు, తెల్లగడ్డ, ఉప్పుతో పచ్చిగానే నూరాల. హోటల్లో కారం పొడిని నీళ్ళతో కలిపి పూస్తే దోశ మీద పగుళ్ళు వస్తాయి, మధ్యాహ్నం దాకా గుండెల్లో మంట. నెయ్యి దోశకు ఇంకో 20 తీసుకుంటారు. ఆ నెయ్యి చుక్క అరచేతిలో వేసి రుద్దండి. నెయ్యి అయితే ఒంటి వేడికే కరిగి వాసన వస్తుంది. డాల్డా మైనంలా జిడ్డు కడుతుంది, తిన్నాక అంగిలికి అంటుకుంటుంది.

లెక్కలపుస్తకం (కర్నూలు):
పన్నెండు సరుకు, 60 అమ్మకం అని దోశను దోపిడీ అనొద్దు. దోశ మాస్టరు లేకుంటే హోటలు తెరవలేరు. పెద్ద పెనం మీద ఒకేసారి నాలుగు పోస్తే మూడు, నాలుగు నిమిషాలు, మంట మాత్రం పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా ఆరదు. హోటలు వాడాల్సింది 19 కిలోల సిలిండరు, దాని మీద పన్ను 18 శాతం. ఇంటి 14.2 కిలోల సిలిండరుకు 5 శాతమే. ఇంటి పెనంతో హోటలును పోల్చకండి.

కారందోశ_కడప:
దోపిడీ అని నేనెక్కడ రాసినా? ఇంట్లో చేసుకుంటే మిగులుతుంది అన్నా, అంతే. ఒంటరిగా గదిలో ఉండి చదువుకునే పిల్లలకు ఇవేవీ కుదరవు. అన్న క్యాంటీన్‌లో పూటకు అయిదు రూపాయలు, మూడు పూటలకు పదిహేను. దానికి మించిన చవక మూడు ఊర్లలో ఏదీ లేదు.

వేరుగడ్డ (ఆత్మకూరు):
నన్నారి సోడా 40 చూసి రాస్తున్నా. గ్లాసుకు పడేది 30 మిల్లీ పాకం, అర నిమ్మకాయ, 200 మిల్లీ సోడా. లీటరు పాకంతో ముప్పై మూడు గ్లాసులు. అసలు వేరుతో కాచిన పాకం అయితే 40 ఇవ్వొచ్చు. నన్నారి అంటే సుగంధిపాల. ఆ వేర్లను కడిగి, దంచి, లోపలి తెల్ల కట్టె తీసేసి, పై బెరడు మాత్రమే రాత్రంతా నానబెట్టి కాచాలి. కట్టె కలిస్తే వాసన తగ్గుతుంది. వేరు పాకం గోధుమ రంగులో ఉంటుంది, మింగినాక నాలుక మీద సన్నటి చేదు మిగులుతుంది. ఎర్రగా మెరుస్తూ, గ్లాసు దగ్గరికి రాకముందే ఘుమఘుమలాడితే అది ఎసెన్సు, 15కు మించి ఇవ్వొద్దు.

పెన్నగట్టు (కడప):
అందరికీ దండాలు. బిల్లు తీసి చూసినా. పైన బిల్ ఆఫ్ సప్లై అని అచ్చేసి, కింద 70 జీఎస్టీ వేసినారు. పన్నులమాట అన్న చెప్పినట్టు పోర్టల్లో కూడా కాంపోజిషన్ అనే వచ్చింది. ఇంకొక్కటి అడగాల. యాప్‌లో సంగటి తెప్పిస్తే రాయిలా వస్తోంది, ధర కూడా హోటలు మెనూ కంటే ఎక్కువ ఉంది. ఎట్లా?

పన్నులమాట (కడప):
బిల్లు ఫోటోతో ముందు హోటలునే అడగండి, 70 వెనక్కి ఇస్తారు. యాప్‌లో ధర పెరిగేది కమీషన్ కలుపుతారు గాబట్టి. అక్కడ తిండి మీద జీఎస్టీ 2022 జనవరి 1 నుంచి యాపే కట్టాలి, కాంపోజిషన్ హోటలు నుంచి తెప్పించినా 5 శాతం పడుతుంది. అడిగి లాభం లేదు.

తెడ్డు (జమ్మలమడుగు):
సంగటి తెప్పించుకోవద్దు. పులుసు మాత్రం తెప్పించుకొని సంగటి ఇంట్లో కెలుక్కోండి, ఇరవై అయిదు నిమిషాల పని. తప్పక తెప్పిస్తే ముద్దను నాలుగు ముక్కలు చేసి, వేడినీళ్ళు రెండు చెంచాలు చల్లి, ఇడ్లీ పాత్రలో అయిదు నిమిషాలు ఆవిరి పట్టండి. మైక్రోవేవ్‌లో పెడితే అంచులు ఇంకా బిగుసుకుంటాయి.

సీమకారం (ప్రొద్దుటూరు):
ఆ మూడు ప్లేట్లలో గుడ్లు వచ్చినాయా, లేదా? అది చెప్పు అన్నా ముందు.