దైవావేశము అంటే పూనకమా? 2 తిమోతి 3:16 మీద ఒక డౌటు

బెజవాడ కుర్రోడు:
గ్రూపులో సంస్కృతం, పాత తెలుగు బాగా తెలిసినవాళ్ళు ఉన్నారని ఇక్కడ అడుగుతున్నా, దయచేసి మతాల గొడవలోకి తీసుకెళ్ళొద్దు. బైబిల్‌ని ఎందుకు నమ్మాలి అని ఎవరైనా అడిగితే మా చర్చిల్లో ముందుగా తీసే వాక్యం 2 తిమోతి 3:16 (పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరంగా బైబిల్లో ఉన్నది). పాత తెలుగు బైబిల్లో ఇలా ఉంటుంది: "దైవావేశమువలన కలిగిన ప్రతిలేఖనము ఉపదేశించుటకును, ఖండించుటకును, తప్పు దిద్దుటకును, నీతియందు శిక్షచేయుటకును ప్రయోజనకరమైయున్నది." సండే స్కూల్లో కంఠత వాక్యం ఇది, అర్థం తెలీకపోయినా గడగడా అప్పజెప్పేసేవాళ్ళం. మొన్న మా ఆఫీసులో ఒకతను ఇది చదివి "అయితే మా ఊళ్ళో అమ్మవారు పూనినట్టు వీళ్ళకీ పూని రాశారా" అన్నాడు, వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఇవాళ్టి తెలుగులో ఆవేశం అంటే కోపమో ఊగిపోవడమో కదా. ఇక్కడ ఏ అర్థంలో వాడారు, అసలు గ్రీకు మాటకి ఇది సరిపోతుందా?

సంస్కృతం టీచరమ్మ:
ఆవేశం "ఆ + విశ్" నుంచి వచ్చిందండి, లోపలికి ప్రవేశించడం అని. ప్రవేశం, నివేశం అన్నీ ఆ ధాతువే. కాబట్టి మీ ఆఫీసతను తప్పేం అనలేదు, దైవావేశం అంటే అక్షరాలా దేవుడు ఒంట్లోకి రావడమే. ఇప్పుడు వాడే కోపం అర్థం కూడా అక్కణ్ణుంచే, కోపమూ మనిషిలోకి దూరేదే కదా. అనువాదం చేసినవాళ్ళ మనసులో కవులకి వచ్చే ఆవేశం లాంటిది ఉందేమో అని నా ఊహ, ఊహే.

బెజవాడ కుర్రోడు:
థాంక్సండీ. గ్రీకులో అక్కడున్న మాట థెయోప్నెవ్‌స్తోస్. థెయోస్ అంటే దేవుడు, రెండో ముక్క ఊపిరి వదలడం, ఊదడం అనే క్రియ నుంచి. మీరు చెప్పింది చూశాక తేడా ఇంకా బాగా తెలుస్తోంది, ఆవేశంలో దేవుడు లోపలికి వస్తాడు, ఈ మాటలో ఊపిరి దేవుడి దగ్గర్నుంచి బయటికి వస్తుంది. ఇంకోటి, ఈ విశేషణం రాసినవాడికి కాదు, రాతకి. "దేవుడు ఊదిన లేఖనం" అంటున్నాడు తప్ప దేవుడు పూనిన రచయిత అనట్లేదు. మన తెలుగులో కూడా "కలిగిన" లేఖనానికే అంటింది కానీ ముందు ఆవేశం అని ఉండేసరికి వినేవాడి చూపు మనిషి మీదకి పోతుంది. ఇప్పటి ప్రసంగాల్లో దైవప్రేరేపితం అంటున్నారు, అది కొంచెం నయం గానీ అందులోనూ ఊపిరి లేదు.

గుంటూరు అక్క:
తమ్ముడూ దీనికి తోడు 2 పేతురు 1:21 చూడు, "మనుష్యులు పరిశుద్ధాత్మవలన ప్రేరేపింపబడినవారై దేవుని మూలముగ పలికిరి". అక్కడ గ్రీకు క్రియ మోసుకుపోబడటం. పౌలు ఎక్కిన ఓడ తుఫాను గాలికి కొట్టుకుపోయింది అని అపొస్తలుల కార్యములు 27లో ఉంటుందే, అక్కడా అదే క్రియ. ఓడని గాలి తీసుకుపోతోంది కానీ లోపలివాళ్ళు ఒళ్ళు తెలీకుండా పడిలేరు, తాళ్ళు బిగిస్తున్నారు, సరుకు సముద్రంలోకి తోస్తున్నారు, లోతు కొలుస్తున్నారు. పూనకానికీ దీనికీ తేడా అడిగితే నేను ఇదే చెప్తా.

అనుమానాల పుట్ట:
మాటల అర్థాలు బాగున్నాయి గానీ అసలు పాయింటు వదిలేస్తున్నారు. బైబిల్ నిజం అని బైబిలే చెప్తే సాక్ష్యం ఎలా అవుతుంది బ్రదర్. రెండు, 2 తిమోతి పౌలు రాసింది కాదు, ఆయన పేరు మీద తర్వాతివాళ్ళు రాశారని చాలామంది పండితులు అంటున్నారు. మూడు, ఆ ఉత్తరం రాసేటప్పటికి కొత్త నిబంధన అని ఒక పుస్తకమే లేదు, లేఖనము అంటే వాళ్ళకి యూదుల గ్రంథాలే.

బెజవాడ కుర్రోడు:
మూడోది నిజమే, ముందు వాక్యంలోనే తెలుస్తుంది, తిమోతికి పరిశుద్ధలేఖనాలు బాల్యం నుంచి తెలుసంటాడు, అవ్వ లోయి, తల్లి యునీకే నేర్పించినవి అయ్యుంటాయి, అవి పాత నిబంధన పుస్తకాలే. పౌలు ఉత్తరాల్ని "తక్కిన లేఖనముల" పక్కన పెట్టి మాట్లాడేది 2 పేతురు 3:16లో. ఇప్పుడు మన చేతిలో ఉన్న కొత్త నిబంధన 27 పుస్తకాలూ సరిగ్గా అవే, ఎక్కువా తక్కువా లేకుండా లిస్టుగా కనిపించేది క్రీ.శ. 367లో, అలెగ్జాండ్రియా బిషప్పు అతనేసియస్ రాసిన ఈస్టర్ ఉత్తరంలో. అంతకుముందు హెబ్రీయులకు, యాకోబు, 2 పేతురు, ప్రకటన లాంటివాటి మీద తెగ వాదించుకున్నారు. మనవాళ్ళు ఈ సంగతి స్టేజీ మీద చెప్పడానికి ఎందుకు జంకుతారో నాకు అర్థం కాదు, దొరికినదల్లా నెత్తిన పెట్టుకోకుండా ఎవరు రాశారు, ఏ సంఘాలు చదువుతున్నాయి అని అడిగి అడిగి తీసుకున్నారంటే నాకైతే నమ్మకం పెరుగుతుంది.

ఇక మొదటిది. ఈ ఒక్క వాక్యాన్ని రుజువుగా చూపిస్తే మీరన్నది కరెక్టే, గుండ్రంగా తిరిగి అక్కడికే వస్తుంది. నా లెక్కలో ఈ వాక్యం విశ్వాసి లేఖనం గురించి ఏం నమ్ముతాడో చెప్తుంది, ఎందుకు నమ్ముతాడో చెప్పదు. ఎందుకు అంటే వేరే చోట్లకి వెళ్ళాలి. లూకా సువార్త మొదలు చూడండి, "ఆరంభమునుండి కన్నులార చూచి" అప్పగించినవాళ్ళు ఉన్నారంటాడు, తను "మొదటనుండి తరచి" తెలుసుకుని వరుసగా రాస్తున్నా అంటాడు. తరచి అనే మాట ఎంత బాగుందో. దేవుడు చెవిలో చెప్పాడు అనట్లేదు, జనాన్ని అడిగి రాశానంటున్నాడు. అక్కడే ఇంకో తమాషా, అలా రాయడానికి అనేకులు "పూనుకొన్నారు" అని ఉంటుంది, పూనకమూ పూనుకోవడమూ ఒకే "పూను" నుంచి వచ్చినవే కదా టీచరుగారూ, ఒకదాంట్లో మనిషి ఒళ్ళు మరిచిపోతాడు, రెండోదాంట్లో ఒళ్ళు వంచి పనిచేస్తాడు. మా ఆఫీసతనికి ఇది చెప్తా.

రెండో పాయింటుకి, 2 తిమోతి పక్కన పెట్టేద్దాం, అందులో నాకు ఇష్టమైన వాక్యం పోతుంది అదే బాధ (4:13లో త్రోయలో వదిలేసిన అంగీ, పుస్తకాలు, "ముఖ్యముగా చర్మపు కాగితములను" తెమ్మంటాడు, జైల్లో చలి వేస్తున్న ముసలాయన గొంతు అది). 1 కొరింథీ పౌలుదే అని విశ్వాసం లేని పండితులు కూడా ఒప్పుకుంటారు. అందులో 1:16 చదవండి, ఫలానా వాళ్ళకి బాప్తిస్మం ఇచ్చా, ఇంకెవరికైనా ఇచ్చానేమో "నేనెరుగను" అంటాడు. గుర్తులేదు అంటున్నాడు! 7:12లో ఇది ప్రభువు మాట కాదు నేను చెప్తున్నా అని విడదీసి చెప్తాడు. గొప్పకోసం కల్పించేవాడు ఇలా రాయడని నా అభిప్రాయం. అదే ఉత్తరం 15:6లో లేచిన యేసు ఐదువందల మందికి పైగా ఒకేసారి కనబడ్డాడు, వాళ్ళలో "అనేకులు ఇప్పటివరకు నిలిచియున్నారు" అంటాడు. ఆ ఉత్తరం సుమారు క్రీ.శ. 55 ప్రాంతం అంటారు, సిలువ జరిగి పాతికేళ్ళ లోపే. కావాలంటే వెళ్ళి అడగండి అన్నట్టే కదా. విశ్వాసి నమ్మకం ముందు ఆ సాక్షుల మీద, వాళ్ళు చెప్పిన యేసు మీద. ఆ యేసు పాత లేఖనాల్ని "నిరర్థకము కానేరదు" అన్నాడు కాబట్టి వాటి మీద. నా వరకు వరుస అది.

సంస్కృతం టీచరమ్మ:
పూను సంగతి అవునండి, ఒకటే. మీరు చెప్పిన వరుసకి న్యాయదర్శనంలో (కోర్టు న్యాయం కాదు, మన పాత తర్కశాస్త్రం) పేరుంది, "ఆప్తోపదేశః శబ్దః". తెలిసినవాడు, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు ఆప్తుడు, వాడి మాట ప్రమాణం. మీరు పుస్తకం నుంచి కాకుండా ఆప్తుల నుంచి మొదలుపెడుతున్నారు.
ఊపిరి అనగానే నాకు ఒళ్ళు జల్లుమంది. బృహదారణ్యక ఉపనిషత్తులో ఋగ్వేదం మొదలైనవన్నీ ఆ మహాభూతం (అంటే పరబ్రహ్మ) "నిఃశ్వసితం", విడిచిన ఊపిరి, అని ఉంటుంది, వేదాలకి వ్యాఖ్యానం రాసిన సాయణుడు తన భాష్యం మొదట్లో "యస్య నిఃశ్వసితం వేదాః" అని అదే మాటతో నమస్కారం చేస్తాడు. మీ గ్రీకు మాటకి సంస్కృతంలో సరిగ్గా తూగే మాట ఇదే. కానీ మీమాంసకులు (వేదవాక్యాల అర్థం తేల్చే దర్శనంవాళ్ళు) వేదం అపౌరుషేయం అంటారు, రాసిన మనిషే లేడు, ఋషులు చూశారంతే. మీదేమో మనిషి ఉన్నాడు, మరిచిపోతాడు, అంగీ అడుగుతాడు. మాట కలిసినా సిద్ధాంతం కలవదు, కాబట్టి అనువాదంలో వాడినా చిక్కే.

బెజవాడ కుర్రోడు:
అమ్మో, ఇది నాకు అస్సలు తెలీదండి. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

పాత ప్రతుల పిచ్చి:
అందరూ ఆవేశం దగ్గరే ఆగిపోయారు, నాకు "ప్రతిలేఖనము" దగ్గర నవ్వొచ్చింది. పైన పోస్టులో కలిపే టైప్ చేశారు. ప్రతి లేఖనం అని విడిగా రాస్తే ఒక్కొక్క లేఖనమూ అని, కలిపితే మనవాళ్ళ వాడుకలో కాపీ రాయడం. మరి దేవుడు ఊదింది మొదటి రాతకా, తర్వాత రాసుకున్న ప్రతులకా? పౌలు చేత్తో రాసింది ఒక్క ముక్క కూడా ఇవాళ లేదు, ఉన్నవన్నీ ప్రతులే.

బెజవాడ కుర్రోడు:
భలే పట్టారండి. గ్రీకులో "పాసా గ్రఫే", ప్రతి, ఒక్కొక్క అనే అర్థమే, కాపీ కాదు. చాలామంది బైబిల్ పండితులు మూలరాతకే అంటారు, ప్రతుల్లో తప్పులు దొర్లాయని ఒప్పుకుంటారు. అందుకే ప్రతుల్ని పోల్చే పని ఇంత పెద్దదైంది, ఒక్క గ్రీకు కొత్త నిబంధనవే ముక్కలూ పుస్తకాలూ కలిపి 5,000 పైన ఉన్నాయి. పాత నిబంధనకి 1947లో మృతసముద్రం పక్కన కుమ్రాను గుహల్లో దొరికిన యెషయా గ్రంథం చుట్ట (చుట్టి పెట్టే పాతకాలపు పుస్తకం) ఉంది, క్రీస్తుకి వందేళ్ళకి పైగా ముందుది. అంతకుముందు మన దగ్గరున్న పాత హెబ్రీ ప్రతులు 10వ శతాబ్దం అటూఇటూవి. వెయ్యేళ్ళ తేడా పెట్టి పోలిస్తే అదే పుస్తకం, తేడాలు ఎక్కువగా స్పెల్లింగులే.

గుంటూరు అక్క:
స్పెల్లింగు అంటే గుర్తొచ్చింది, మత్తయి 5:18 "యొక పొల్లయినను ఒక సున్నయైనను తప్పిపోదు". అసలులో ఉన్నది అక్కడి లిపిలో అతి చిన్న అక్షరం, అక్షరానికుండే చిన్న గీత. మనవాళ్ళు దాన్ని తెలుగు లిపిలోకి తెచ్చేసి పొల్లు, సున్న అన్నారు. ఆ ఒక్క అనువాదానికి దండం పెట్టొచ్చు.

అనుమానాల పుట్ట:
పొల్లు పోలేదు సరే, పన్నెండు వచనాలు పోయాయే. మార్కు 16:9 నుంచి 20 దాకా బాగా పాత గ్రీకు ప్రతులైన సైనాయ్, వాటికన్ ప్రతుల్లో లేవు. యోహాను 8లో రాళ్ళు కొట్టబోయిన ఆడమనిషి కథ పాత గ్రీకు ప్రతుల్లో కనబడదు. కుమ్రానులోనే యిర్మీయా గ్రంథం పొట్టి పాఠం ఉన్న ముక్కలు దొరికాయి, అది స్పెల్లింగు తేడా కాదు. మరి ఇవి ప్రక్షిప్తాలు, అంటే తర్వాత ఎవరో చేర్చినవి అంటారా?

పాత ప్రతుల పిచ్చి:
ప్రక్షిప్తం అనే మాటకి కంగారు పడక్కర్లేదు. బ్రౌన్ దొర వేమన పద్యాలకి ప్రతులు పోగేయించి పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఎన్ని పాఠాంతరాలు తేలాయి, అయినా వేమన లేడు అనుకున్నామా. ప్రతులు ఎక్కువుంటే తేడాలు ఎక్కువ కనబడతాయి, ఆ తేడాలతోనే చేర్చింది ఏదో పట్టుకుంటాం. ఒకే ప్రతి ఉంటే ఏ తేడా కనబడదు, దాన్ని చెక్ చేసే దారీ ఉండదు.

బెజవాడ కుర్రోడు:
నేనూ అదే అంటా. మార్కు చివరి భాగం మార్కు రాసింది కాదని నేను కూడా అనుకుంటున్నా, దాని మీద నా విశ్వాసంలో ఏ స్తంభమూ నిలబడిలేదు. యిర్మీయా సంగతి మాత్రం గట్టి ప్రశ్నే, రెండు పాఠాలు పక్కపక్కన నడిచాయి, దాన్ని స్పెల్లింగు అని కొట్టిపారేయను. యెషయా 53:11లో కూడా కుమ్రాను చుట్టలో "వెలుగు" చూచును అని ఒక మాట అదనంగా ఉంది, పాత గ్రీకు అనువాదంలోనూ ఉంది, మన తెలుగు బైబిల్లో లేదు. ఉండాల్సిందే అనిపిస్తుంది నాకు, శ్రమపడ్డాక వెలుగు చూడటం ఎంత బాగా అతుకుతుందో అక్కడ.

అనుమానాల పుట్ట:
ఇంత ఓపిగ్గా ఒప్పుకునేవాళ్ళు దొరకరు, అందుకని ఇంకోటి అడిగి ఊరుకుంటా. ఆ ఐదువందల మందిలో ఒక్కరి పేరూ లేదు, ఉత్తరం వెళ్ళింది కొరింథుకి, సాక్షులేమో సముద్రం అవతల. వెళ్ళి అడగండి అంటే ఎవరెళ్తారు?

బెజవాడ కుర్రోడు:
పేర్లు లేని మాట నిజం. కానీ దానికి ముందు వాక్యంలో కేఫా (అంటే పేతురు), తర్వాత వాక్యంలో యాకోబు పేర్లతో ఉన్నారు, కేఫా పేరు చెప్పుకునే గుంపే కొరింథులో ఉందని అదే ఉత్తరం 1:12లో ఉంది. పౌలు అబద్ధం చెప్తే పట్టుకోవడానికి సముద్రం దాటక్కర్లేదు, వీధి దాటితే చాలు.

అనుమానాల పుట్ట:
ఊఁ. 1:12 చదివి వస్తా.