నాయన కాలికి రక్తం అందడం లేదంట, వేలు తీయించాలా, బెలూన్ వేయించాలా?

ఆదోని అబ్బాయి:
మా నాయనకు 63 ఏళ్లు, పదిహేనేళ్లుగా షుగర్, బీడీలు మానలేదు. ఏడాదిగా వంద అడుగులు వేస్తే పిక్క పట్టేసి ఆగిపోతాడు, కాసేపు నిలబడితే తగ్గుతుంది. మేం నరాల బలహీనత అనుకుని సూదులు వేయించాం. ఇప్పుడు బొటనవేలి పుండు నెల దాటినా మానలేదు. ఇక్కడ ఒకచోట వేలు తీసేయాలన్నారు. కర్నూలులో డాప్లర్ (రక్తం ఎలా పారుతుందో చూసే స్కాన్) తీసి, తొడలో రక్తనాళం మూసుకుపోయింది, బెలూన్‌తో తెరవచ్చు అన్నారు. స్టెంట్ గుండెకే అనుకున్నాం, కాలికి కూడా వేస్తారా? చాలా టెన్షన్‌గా ఉంది.

కల్లూరు అక్క:
తమ్ముడూ, ముందు రక్తం సంగతి తేల్చుకో. రక్తం అందని చోట వేలు తీస్తే ఆ కోసిన గాయమూ మానదు. మా మామకు అట్లే వేలు, తర్వాత పాదం, చివరికి మోకాలి కింద దాకా తీశారు, డాప్లర్ అన్న మాటే మాకెవరూ చెప్పలేదు. రెండో కాలికి పుండు లేచినప్పుడు బెలూన్ వేయించాం. గజ్జ దగ్గర మాత్రమే మత్తు ఇచ్చారు, ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, మర్నాడు నడిచాడు. పుండు మానడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్:
నేను బెలూన్‌లు, స్టెంట్లు వేసే క్యాథ్‌ల్యాబ్‌లో పనిచేస్తాను. అసలు ఈ పద్ధతి మొదలైందే కాలితో. 1964లో అమెరికాలో డాటర్ అనే డాక్టరు, కాలు తీయించుకోనన్న 82 ఏళ్ల ముసలమ్మకు నాళంలోకి సన్నని గొట్టాలు పంపి తెరిచాడు. గుండెకు బెలూన్ వేసింది 1977లో. సన్నని తీగను అడ్డంకి దాటించి, దాని మీదుగా బెలూన్ పంపి ఉబ్బిస్తారు, నాళం మళ్లీ ముడుచుకుంటే దాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం, అంటే స్టెంట్ పెడతారు. తీగ దాటకపోతే బైపాస్, అంటే అడ్డంకిని తప్పించి రక్తానికి వేరే దారి కుట్టే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. లోపలికి ఎక్కించే రంగు మందు కిడ్నీల మీద పడొచ్చు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు తీసుకెళ్లండి, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ముందే చెప్పండి. రక్తం పలుచనయ్యే మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. బీడీ మానకపోతే తెరిచిన నాళం మళ్లీ మూసుకుంటుంది, ఇది నేను కళ్లారా చూస్తున్నాను. ఖర్చు గురించి ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం సంగతి చూసే ఆరోగ్యమిత్రను అడగండి.

ఆదోని అబ్బాయి:
క్రియాటినిన్ 1.6, కొంచెం ఎక్కువే ఉందన్నా. వేలు నల్లబడలేదు గానీ వారం నుంచి రాత్రిళ్లు కాలు మంచం కిందికి వేలాడేసుకుంటేనే నిద్ర పడుతోంది. పండగయ్యాక తీసుకుపోదాం అనుకుంటున్నాం.

క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్:
పండగ దాకా ఆగొద్దు తమ్ముడూ. పడుకున్నప్పుడు పాదానికి రక్తం చాలడం లేదు, కిందికి వేలాడేస్తే కొంచెం దిగుతోంది, అందుకే ఆ నిద్ర. రేపే బయలుదేరండి. దారిలో జ్వరం వచ్చినా, పుండు వాసన వేసినా నేరుగా ఎమర్జెన్సీకి పోండి.

ఆదోని అబ్బాయి:
పొద్దున మొదటి బస్సుకే వస్తున్నాం అన్నా.